పెట్టె ఖాళీగానే వస్తుంది: బావ ట్యూషన్ యాప్‌ను డాకర్‌లో కట్టాక నా రివ్యూ

డాకర్ అంటే యాప్‌ని, దానికి కావలసిన ఫైళ్లతో సహా ఒక పెట్టెలా కట్టి వేరే మెషీన్‌లో నడిపించే సాధనం. దానికి నా మార్కులు 5కి 4. ఇంత చెప్పి ఆపేయొచ్చు గానీ, ఆ నాలుగు ఎందుకిచ్చానో, ఆ ఒకటి ఎందుకు కోశానో చెప్పాలంటే మా బావ ట్యూషన్ సెంటర్ కథ మొత్తం చెప్పాలి, అది కాస్త పొడుగు. తొందరలో ఉన్నవాళ్లకి ఒక్క ముక్క: ఇమేజ్ అనే ఆ పెట్టె కట్టడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది, అందులో ఏమేం లేవో తెలియడానికి మూడు వారాలు పట్టింది.

మా బావ తెనాలిలో ఇంటర్ పిల్లలకి మ్యాథ్స్ చెప్తాడు. పొద్దున్న 5 గంటలకి ఒక బ్యాచ్, సాయంత్రం 6కి ఇంకోటి, రెండూ కలిపి నూటపాతిక మంది దాకా ఉంటారు. ఫీజు రశీదులు కార్బన్ పేపర్ పెట్టి రాసే పాత పుస్తకంలోనే రాసేవాడు. మొన్న సంక్రాంతికి అందరం భోజనాల దగ్గర కూర్చున్నప్పుడు, "నువ్వు సాఫ్ట్‌వేరే కదరా, మనకొక రశీదుల యాప్ చేసి పెట్టలేవా" అన్నాడు. కాదనడానికి వీల్లేని చోట చూసి అడగడం ఆయనకి వెన్నతో పెట్టిన విద్య. అక్క గారె వడ్డిస్తూ నా మొహం వంకే చూస్తోంది. సరే బావా అన్నాను.

యాప్ చిన్నదే. జావాస్క్రిప్ట్ ప్రోగ్రాములు నడిపే నోడ్, దాని మీద వెబ్ సర్వర్‌కి ఎక్స్‌ప్రెస్, డేటాకి ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్, రశీదుని తెలుగులో పీడీఎఫ్ చేయడానికి పప్పెటీర్, అంటే తెర లేకుండా వెనకాల నడిచే క్రోమ్. పిల్లాడి పేరు కొట్టి, ఎంత కట్టాడో కొడితే పీడీఎఫ్ వస్తుంది, బావ దాన్ని వాళ్ల నాన్నకి వాట్సాప్ చేస్తాడు, అంతే. నాలుగు సాయంత్రాల్లో అయిపోయింది. నా విండోస్ లాప్‌టాప్‌లో గడియారంలా నడుస్తోంది. సెంటర్‌లో మూలన పడున్న పాత డెస్క్‌టాప్ మీద ఉబుంటు 22.04 (లైనక్స్‌లో ఒక రకం) వేసి, దాంట్లో పెట్టేస్తే బావ ఫోన్ నుంచి వైఫైలో తెరుచుకుంటాడని నా ప్లాను.

అక్కడ ఆప్ట్‌తో (ఉబుంటులో ప్రోగ్రాములు వేసే కమాండ్) నోడ్ వేశాను, ప్రోగ్రామ్ లేవనే లేదు, మొదటి ఫైల్‌లోనే సింటాక్స్ ఎర్రర్. ఉబుంటు 22.04 తన సొంత రిపాజిటరీ నుంచి ఇచ్చేది నోడ్ 12. నేను రాసింది నోడ్ 22 మీద, మధ్యలో జావాస్క్రిప్ట్‌లోకి వచ్చిన రెండు ప్రశ్నార్థకాల గుర్తులూ అవీ దానికి తెలియవు. కొత్త నోడ్‌ని వేరే దారిలో వేసుకోవచ్చు, కాదనను, నిజానికి ఆ రోజు అదే చేసుంటే పావుగంటలో తేలిపోయేది. కానీ ఆఫీసులో రోజూ ఎవరో కట్టిన కంటెయినర్లు వాడడమే తప్ప నా చేత్తో ఒకటీ మొదట్నించీ కట్టలేదన్న సిగ్గు ఒకటి లోపల ఉంది. ఎలాగూ బావ పనే కదా, ప్రయోగం ఇక్కడే చేద్దాం అనుకున్నా. (బావకి ఈ వాక్యం చూపించకండి.)

కంటెయినర్ అంటే తెలియని వాళ్లకి రెండు మాటలు. ఇది కంప్యూటర్‌లో ఇంకో కంప్యూటర్ కాదు. లైనక్స్ కెర్నల్‌లో నేమ్‌స్పేసులు, సీగ్రూపులు అని ఎప్పట్నించో ఉన్న సదుపాయాలతో ఒక ప్రాసెస్ చుట్టూ గోడ కడతారు. ఆ ప్రాసెస్‌కి తన ఫైళ్లే కనిపిస్తాయి, తన నెట్‌వర్కే కనిపిస్తుంది. ఆ ఫైళ్లన్నీ కలిపి మూట కట్టిందే ఇమేజ్. డాకర్ ఈ సదుపాయాలను కనిపెట్టలేదు, వాటిని మామూలు మనిషి వాడుకునేలా చేసింది. 2013 మార్చిలో సాంటా క్లారాలో జరిగిన పైకాన్ సభలో సాలమన్ హైక్స్ అయిదు నిమిషాల చిన్న ప్రసంగంలో దీన్ని మొదటిసారి బయటపెట్టాడు, అప్పటికి వాళ్ల కంపెనీ పేరు డాట్‌క్లౌడ్.

ఇక మొదలుపెట్టడం. డాకర్ డెస్క్‌టాప్ (లాప్‌టాప్‌లో వేసుకునే డాకర్ వాళ్ల యాప్) ఉన్నవాళ్లకి డాకర్ ఇనిట్ అని ఒక కమాండ్ ఉంది. ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో కొడితే ఏ భాష, నోడ్ ఏ వెర్షన్, ప్యాకేజీలు దేంతో వేస్తావు, ఏ కమాండ్‌తో నడుస్తుంది, ఏ పోర్ట్ (యాప్ వినే తలుపు నంబర్) అని వరసగా అడిగి, ఇమేజ్ ఎలా కట్టాలో చెప్పే డాకర్‌ఫైల్, లోపలికి ఏం రాకూడదో చెప్పే డాకర్ఇగ్నోర్, కంటెయినర్‌ని ఎలా నడపాలో చెప్పే కంపోజ్ ఫైలు రాసిచ్చేస్తుంది. బాగుంటుంది, పైగా మంచి అలవాట్లతోనే రాస్తుంది. కానీ నా సలహా, మొదటిసారి మాత్రం చేత్తో రాయండి. అంతా కలిపి పది లైన్లు. ఏ నోడ్ ఇమేజ్ మీద కట్టాలి, ఏ ఫోల్డర్‌లో పని చేయాలి, ఏ ఫైళ్లు కాపీ చేయాలి, ఏం ఇన్‌స్టాల్ చేయాలి, చివర్లో ఏం నడపాలి. చేత్తో రాస్తే గానీ ఆ పది లైన్లలో ఏ లైనుకి ఎంత బరువుందో తెలియదు.

నా మొదటి డాకర్‌ఫైల్ అయితే చూసి నవ్వుకోవాలి. మొత్తం ఫోల్డర్ కాపీ, తర్వాత ఎన్‌పీఎం (నోడ్ ప్యాకేజీలు వేసే సాధనం) ఇన్‌స్టాల్, తర్వాత ఎన్‌పీఎం స్టార్ట్. బిల్డ్ అయింది. ఇమేజ్ సైజు 2.1 జీబీ. నూటపాతిక మంది ఫీజు రశీదులకి 2.1 జీబీ! మా ఊళ్లో పెళ్లికి తీసిన వీడియో ఇంతకంటే చిన్నది.

కారణం వెతికితే సగం తప్పు పునాదిదే. నోడ్ అఫీషియల్ ఇమేజ్‌లో మూడు రకాలు చూడాలి. మామూలు నోడ్ 22 అంటే డెబియన్ అనే లైనక్స్‌తో పాటు కంపైలర్లు, గిట్, పైథాన్, ఇంకా బోలెడు లైబ్రరీలు కలిపి ఒక జీబీ దాటుతుంది. స్లిమ్ అంటే అదే డెబియన్, అనవసరమైనవి తీసేసి, దాదాపు 200 ఎంబీ చుట్టుపక్కల. ఆల్పైన్ అంటే ఇంకో రకం లైనక్స్, ఇంకా చిన్నది, 150 దగ్గర్లో. సైజు చూసి అందరూ ఆల్పైన్ మీద పడతారు, నేనూ పడ్డాను, వెంటనే లేచాను. ఆల్పైన్‌లో గ్లిబ్‌సీ (డెబియన్ లాంటి వాటిలో ప్రోగ్రాములు ఆధారపడే సీ లైబ్రరీ) ఉండదు, దాని బదులు మజల్ అనే వేరే సీ లైబ్రరీ ఉంటుంది. గ్లిబ్‌సీ కోసం కట్టిన రెడీమేడ్ ప్రోగ్రాములు అక్కడ నడవవు. పప్పెటీర్ తనంతట తాను దించుకునే క్రోమ్ అలాంటిదే. ఆల్పైన్ వాళ్లు కట్టిన క్రోమియం (క్రోమ్‌కి ఓపెన్ సోర్స్ రూపం) వేసుకుని నడిపించొచ్చు, కానీ నాకు తెలిసిన ఊరు డెబియన్, స్లిమ్ దగ్గర ఆగిపోయాను. ఉత్త ఎక్స్‌ప్రెస్ యాప్ అయితే ఆల్పైన్ చాలు, నిక్షేపంగా ఉంటుంది.

మిగతా సగం తప్పు నాది. డాకర్ఇగ్నోర్ ఫైల్ పెట్టలేదు. దాంతో గిట్ చరిత్ర (కోడ్‌లో చేసిన పాత మార్పులు) అంతా, నా విండోస్‌లో ఉన్న నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్ అంతా ఇమేజ్‌లోకి ఎక్కింది. సైజు సంగతి అలా ఉంచండి, యాప్ స్టార్ట్ అవ్వగానే "ఇన్‌వాలిడ్ ఈఎల్ఎఫ్ హెడర్" అని ఎర్రర్. ఎస్‌క్యూలైట్ మాడ్యూల్‌లో సీ ప్లస్ ప్లస్ ముక్క ఉంటుంది, అది విండోస్ కోసం కంపైల్ అయినది, దాన్ని తీసుకెళ్లి లైనక్స్‌లో పడేశాను. గంటన్నర గూగుల్ చేశాక తెలిసింది. ఇంకా భయపడిందేమిటంటే, అదే ఫోల్డర్‌లో అడ్మిన్ పాస్‌వర్డ్ ఉన్న డాట్ ఈఎన్‌వీ ఫైల్ కూడా లోపలికి వెళ్లిపోయింది. అప్పటికి ఆ ఇమేజ్‌ని ఎక్కడికీ పంపలేదు కాబట్టి సరిపోయింది.

ఇక్కడ లేయర్ల సంగతి చెప్పాలి, ఎందుకంటే డాకర్‌లో అసలు తెలివి, అసలు తిరకాసు రెండూ ఇక్కడే ఉన్నాయి. డాకర్‌ఫైల్‌లో ఫైళ్లని మార్చే ప్రతి లైనూ ఒక లేయర్. గోడకి సున్నం కొట్టినట్టు, ఒకదాని మీద ఒకటి. పాస్‌వర్డ్ ఫైల్ లోపలికి వెళ్లిందని తెలిసి, నేను తెలివిగా కింద ఇంకో లైన్ రాసి దాన్ని డిలీట్ చేశాను. కనిపించడం మానేసింది, కానీ పోలేదు. పాత గోడ మీద బొగ్గుతో రాసిన రాత మీద సున్నం కొడితే రాత పోతుందా, గీకితే కనబడుతుంది. ఆప్ట్ దించిన లిస్టులు తర్వాతి లైన్‌లో తుడిచినా సైజు ఒక్క ఎంబీ తగ్గకపోవడానికీ ఇదే కారణం, ఏ లైన్‌లో తెచ్చావో ఆ లైన్‌లోనే పారేయాలి. రహస్యాలైతే అసలు లోపలికే రానీయకూడదు, కంటెయినర్ నడిపేటప్పుడు బయట్నించి ఇవ్వాలి.

అదే లేయర్లు మంచి కూడా చేస్తాయి. రశీదులో "చెల్లించిన" అన్నచోట ఒత్తు తప్పు పడింది, బావ ఫోన్ చేసి చెప్పాడు. ఒక్క ఒత్తు సరిచేసి మళ్లీ బిల్డ్ చేస్తే నాలుగు నిమిషాలు. ఇంకో అక్షరం సరిచేస్తే ఇంకో నాలుగు నిమిషాలు. మొత్తం ఫోల్డర్‌ని ముందు కాపీ చేసి తర్వాత ఇన్‌స్టాల్ చేస్తున్నాను కదా, ఏ ఫైల్ కదిలినా ఆ కాపీ లేయర్ మారినట్టే, దాని తర్వాతి లైన్లన్నీ మళ్లీ చేయాల్సిందే. రెండు లైన్లు తారుమారు చేశాను. ముందు ప్యాకేజ్ జేసన్ (ఏ ప్యాకేజీలు కావాలో రాసుకునే ఫైల్), దాని లాక్ ఫైల్ మాత్రమే కాపీ, తర్వాత ఎన్‌పీఎం సీఐ, ఆ తర్వాతే మిగతా కోడ్. మళ్లీ ఒత్తు మార్చి బిల్డ్ కొట్టాను, ఆరు సెకన్లు. తెర మీద "క్యాష్డ్, క్యాష్డ్, క్యాష్డ్" (అంటే ముందు చేసిందే వాడుకున్నా) అని వరసగా పడుతుంటే, నిజం చెప్తున్నా, రాత్రి పదకొండున్నరకి లేచి వరండాలో ఒక చుట్టు నడిచొచ్చాను. నాలుగు మార్కుల్లో ఒకటి ఖచ్చితంగా దీనిదే. (ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ బదులు సీఐ ఎందుకంటే, అది లాక్ ఫైల్‌లో ఉన్న వెర్షన్లనే తు.చ. తప్పకుండా వేస్తుంది, తేడా ఉంటే ఆగిపోతుంది. డెవలప్‌మెంట్‌కి మాత్రమే కావలసినవి వద్దని చెప్పే ఆప్షన్ కూడా ఇవ్వండి, సైజు బాగా తగ్గుతుంది.)

పోర్ట్ దగ్గర అందరూ ఒకసారి పడతారు, నేనూ పడ్డాను, క్లుప్తంగా చెప్తా: సర్వర్‌ని లోకల్‌హోస్ట్ (అంటే తన మెషీన్ వరకే) మీద వినమని రాసుకుంటే కంటెయినర్ గోడ లోపలే వింటుంది, 0.0.0.0 (అంటే అన్ని వైపులా) మీద వినమనాలి. డాకర్‌ఫైల్‌లో ఎక్స్‌పోజ్ అని రాసినంత మాత్రాన పోర్ట్ బయటికి తెరుచుకోదు, నడిపేటప్పుడు 3000:3000 (బయటి పోర్ట్, లోపలి పోర్ట్) అని విడిగా చెప్పాల్సిందే.

ఇప్పుడు రశీదు సంగతి. కంటెయినర్ లేచింది, పేజీ వచ్చింది, పేరు కొట్టాను, పీడీఎఫ్ తెరిచాను. పైన సెంటర్ పేరు ఉండాల్సిన చోట ఖాళీ డబ్బాలు. "ఫీజు రశీదు" అన్నచోట డబ్బాలు. పిల్లాడి పేరు, డబ్బాలు. అంకెలు మాత్రం చక్కగా ఉన్నాయి, రూ. 1500 ఎవరు కట్టారో, ఎందుకు కట్టారో దేవుడికే తెలియాలి. నా విండోస్‌లో గౌతమి, నిర్మల లాంటి తెలుగు ఫాంట్లు ఎప్పట్నించో ఉన్నాయి, అవి ఉన్నాయని నేనెప్పుడూ అనుకోను కూడా అనుకోలేదు, గాలి ఉందని అనుకుంటామా. స్లిమ్ ఇమేజ్‌లో తెలుగు ఫాంటు ఒక్కటీ లేదు. ఆ ఖాళీ డబ్బాలని ఇంగ్లీషోళ్లు ముద్దుగా టోఫు అంటారు, నోటో ఫాంట్లకి ఆ పేరు వచ్చింది కూడా "నో టోఫు" అన్న మాట నుంచే.

డెబియన్‌లో తెలుగు ఫాంట్లు ఏమున్నాయా అని వెతికితే ఫాంట్స్-టెలు-ఎక్స్‌ట్రా అని ఒక ప్యాకేజీ దొరికింది, అందులో పోతన2000, వేమన2000. ఇవి చిన్నప్పుడు ఇంటర్నెట్ సెంటర్‌లో తెలుగు పేజీలు చదవడానికి దించుకున్న ఫాంట్లు, ఎన్నేళ్లయిందో చూసి! రాజులకి అంకితమివ్వనన్న మహానుభావుడి పేరున్న ఫాంటు ఉచితంగా దొరకడం సబబుగానే అనిపించింది. డాకర్‌ఫైల్‌లో ఒక లైన్ కలిపి మళ్లీ బిల్డ్ చేశాను. "లక్ష్మి" అన్న పేరులో క్ష్మి విరగకుండా, ఒత్తు కింద ఒత్తు పొందికగా కూర్చుని వచ్చింది. బావకి పంపితే, "అక్షరాలు పాత పంచాంగంలోలా బాగున్నాయిరా" అన్నాడు. తెలుగులో పీడీఎఫ్‌లు చేసే ఎవరికైనా చెప్తున్నా, ఈ ఫాంట్ల లైన్ మర్చిపోకండి, ఏ ట్యుటోరియల్‌లోనూ మీకు కనిపించదు, ఎందుకంటే ఆ ట్యుటోరియల్స్ రాసేవాళ్లకి అది లేకపోయినా గడిచిపోతుంది.

తేదీ కథ దీనికంటే మెలిక. రెండు మూడు రోజులు బాగానే నడిచింది. ఫిబ్రవరి 1న పొద్దున్నే బావ ఫోన్, "ఒరేయ్, ఇవాళ కట్టినవాళ్లకి జనవరి 31 పడుతోందిరా, జనవరి ఫీజు ఆలస్యంగా కట్టినట్టు లెక్క వస్తోంది, ఒకాయన గొడవ పెట్టుకున్నాడు." నేను నిద్రమత్తులోనే నా లాప్‌టాప్‌లో చూశాను, ఫిబ్రవరి 1 అనే ఉంది. సాయంత్రం బావ మళ్లీ చేసి, సాయంత్రం బ్యాచ్‌కి మాత్రం సరిగ్గానే వస్తోందన్నాడు. పొద్దున తప్పు, సాయంత్రం కరెక్ట్. ఆఫీసు బస్సులో కూర్చుని ఆలోచిస్తుంటే వెలిగింది. కంటెయినర్ గడియారం మనం చెప్పకపోతే యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఉమ్మడి లెక్క సమయంలో ఉంటుంది. మనకంటే అయిదున్నర గంటలు వెనక. పొద్దున 5 గంటలకి బ్యాచ్‌కి వచ్చి, క్లాసులోకి వెళ్లే ముందు ఫీజు కట్టిన పిల్లలకి అక్కడ ఇంకా నిన్న రాత్రి పదకొండున్నరే. అయిదున్నర దాటాక కట్టినవాళ్లందరికీ తేదీ మామూలే. మామూలు దుకాణమైతే ఈ తప్పు ఏళ్ల తరబడి బయటపడేది కాదు, తెల్లవారుజామున అయిదింటికి డబ్బులు కట్టించుకునే వ్యాపారం ఇంటర్ ట్యూషన్, పాల బూత్ తప్ప ఇంకేముంది? టీజెడ్ (టైమ్ జోన్) అన్న ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో, అంటే నడిపేటప్పుడు ప్రోగ్రామ్‌కి బయట్నించి ఇచ్చే సెట్టింగ్‌లో, ఏషియా/కోల్‌కతా అని పెట్టగానే తీరిపోయింది. ఒక్క లైను.

ఈపాటికి మీకు అర్థమయ్యే ఉంటుంది. డాకర్ తప్పు చేసిందేమీ లేదు. నా లాప్‌టాప్ నాకు ఇన్నాళ్లూ అడక్కుండా అప్పిచ్చినవన్నీ, ఫాంట్లు, గడియారం, నోడ్ వెర్షన్, పాస్‌వర్డ్ ఫైలు, ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. అద్దె ఇల్లు ఖాళీ చేసి కొత్తింట్లో దిగిన రాత్రి స్విచ్ నొక్కితే లైటు రాకపోతే గుర్తొస్తుంది, పాత ఇంట్లో బల్బులు ఓనరువి అని.

కానీ అన్నిటికంటే పెద్ద దెబ్బ దీని తర్వాతే తగిలింది, అది పూర్తిగా నా చేతకానితనం. టీజెడ్ లైన్ కలిపిన కొత్త ఇమేజ్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఆదివారం తెనాలి వెళ్లాను. (ఇమేజ్‌లు నెట్‌లో దాచిపెట్టే రిజిస్ట్రీ ఏదీ వాడలేదు. డాకర్ సేవ్ అంటే ఇమేజ్ మొత్తం ఒక టార్ ఫైల్‌గా వస్తుంది, అవతల డాకర్ లోడ్ అంటే ఎక్కిపోతుంది. సెంటర్‌లో నెట్ అంతంతమాత్రం, పెన్‌డ్రైవ్ నయం.) పాత కంటెయినర్‌ని ఆపాను, తీసేశాను, కొత్తది నడిపాను. బావ పక్కనే కూర్చుని టీ తాగుతున్నాడు. పేజీ తెరిచాడు. "ఇదేంట్రా, పిల్లలెవరూ లేరు?"

డేటాబేస్ ఫైల్ కంటెయినర్ లోపలే ఉంది. కంటెయినర్‌ని తీసేస్తే లోపల రాసినదంతా దాంతోపాటే పోతుంది, అది దాని ధర్మం, డాక్యుమెంటేషన్‌లో స్పష్టంగానే రాసి ఉంటుంది, నిలవాల్సిన డేటాకి వాల్యూమ్ (కంటెయినర్ పోయినా మిగిలే నిల్వ చోటు) వాడమని. నేను చదివాను కూడా. చదివి "తర్వాత పెడదాం" అనుకున్నాను. 43 రశీదులు పోయాయి. నా చేతుల్లో చెమటలు, టెన్షన్‌తో నోట మాట రావట్లేదు. బావ మాత్రం తాపీగా లేచి, బీరువా తీసి, కార్బన్ పేపర్ పుస్తకం తెచ్చి నా ముందు పెట్టాడు. యాప్ వచ్చిన రోజు నుంచీ రెండూ రాస్తూనే ఉన్నాడట. "నీ మీద నమ్మకం లేక కాదురా, అలవాటు." ఆ ఆదివారం మధ్యాహ్నమంతా కూర్చుని ఆ 43 నా చేత్తోనే మళ్లీ ఎక్కించాను.

ఆ రోజే డేటాని బయట ఒక ఫోల్డర్‌లో పెట్టి కంటెయినర్‌కి తగిలించాను. దానికీ ఒక చిన్న మెలిక ఉంది. నోడ్ ఇమేజ్‌లో నోడ్ అనే మామూలు యూజర్ 1000 నంబర్‌తో ముందే తయారుగా ఉంటాడు, కానీ మనం చెప్పకపోతే అంతా రూట్‌గానే (అన్ని అధికారాలూ ఉన్న యూజర్) నడుస్తుంది. మంచివాడిలా యూజర్ నోడ్ అని రాస్తే, బయట ఫోల్డర్ రూట్ పేరు మీద ఉండడంతో డేటాబేస్ రాయలేనంది. ఫోల్డర్‌ని 1000 పేరు మీదకి మార్చాక ఊరుకుంది.

ఇక కోసిన ఆ ఒక్క మార్కు దేనికంటారా. చెప్పకపోతే రూట్, చెప్పకపోతే యూటీసీ, చెప్పకపోతే డేటా గల్లంతు. ప్రతిదానికీ ఒక కారణం ఉంది, నిపుణులకి అవన్నీ నచ్చే కారణాలే. కానీ మొదటిసారి కట్టేవాడికి ఏ దశలోనూ ఒక్క హెచ్చరిక కూడా రాదు, బిల్డ్ ఆకుపచ్చగా అయిపోతుంది, తప్పు మూడో రోజు పొద్దున అయిదింటికి ఎవరో పేరెంట్ నోట తెలుస్తుంది. అనుభవం ఉన్నవాళ్లు ఇది డాకర్ పని కాదంటారు. కావచ్చు, మార్కులు వేస్తున్నది నేను.

చిన్నాచితకా ఇంకొన్ని. కంటెయినర్ ఆపమంటే ప్రతిసారీ సరిగ్గా పది సెకన్లు పట్టేది, మెషీన్ పాతది కాబోలు అనుకున్నా. అది కాదు. డాకర్ ముందు సిగ్‌టర్మ్ పంపి మర్యాదగా ఆగమంటుంది, పది సెకన్లు చూసి ఆగకపోతే మెడపట్టి గెంటుతుంది. కంటెయినర్‌లో మొదటి ప్రాసెస్‌గా ఉన్నది ఆ సిగ్నల్‌ని పట్టుకునే కోడ్ రాసుకోకపోతే అది వినిపించుకోదు, పైగా నేను ఎన్‌పీఎం ద్వారా నడుపుతున్నాను. నేరుగా నోడ్‌ని నడిపి, సిగ్నల్ రాగానే డేటాబేస్ మూసి బయటికొచ్చేలా మూడు లైన్లు రాస్తే టక్కున ఆగుతోంది. ఒకసారి మిత్రుడి కొత్త మ్యాక్‌లో బిల్డ్ చేసుకొచ్చాను, బావ డెస్క్‌టాప్‌లో "ఎక్జెక్ ఫార్మాట్ ఎర్రర్" అని మొరాయించింది, ఆ మ్యాక్‌లో ఉన్నది ఆర్మ్ చిప్, ఇక్కడిది ఇంటెల్, బిల్డ్ చేసేటప్పుడే ప్లాట్‌ఫామ్ లైనక్స్/ఏఎండీ64 (ఇంటెల్‌కీ ఇదే పేరు) అని చెప్పాలి. నెలాఖరున అందరి రశీదులూ ఒకే పీడీఎఫ్ చేయబోతే క్రోమ్ కూలిపోయింది, కంటెయినర్‌కి షేర్డ్ మెమరీ డిఫాల్ట్‌గా 64 ఎంబీయే ఇస్తారు, పెంచుకోవాలి.

ఖర్చు సంగతి చాలామంది అడుగుతారు. డాకర్ ఇంజిన్ ఓపెన్ సోర్స్, లైనక్స్‌లో రూపాయి ఖర్చు లేదు. డబ్బుల గొడవ డాకర్ డెస్క్‌టాప్‌ది. 2021 ఆగస్టులో నియమాలు మార్చారు, 250 మంది కంటే ఎక్కువ ఉద్యోగులున్నా లేదా ఏడాదికి కోటి డాలర్ల కంటే ఎక్కువ ఆదాయమున్నా ఆ కంపెనీలో డాకర్ డెస్క్‌టాప్ వాడడానికి సబ్‌స్క్రిప్షన్ కట్టాలి. సొంతానికి, చదువుకి, చిన్న వ్యాపారానికి ఉచితమే. నేనైతే విండోస్‌లో డబ్ల్యూఎస్ఎల్ (విండోస్ లోపలే లైనక్స్ నడిపే సదుపాయం) మీద ఉబుంటు వేసి అందులో ఇంజిన్ ఒక్కటే పెట్టుకున్నాను, నాది 8 జీబీ లాప్‌టాప్, డబ్ల్యూఎస్ఎల్ డిఫాల్ట్‌గా సగం మెమరీ దాకా వాడుకుంటుంది, దాన్ని 3 జీబీకి కట్టేశాను. డాకర్ బదులు వాడుకోవడానికి రెడ్‌హ్యాట్ వాళ్ల పాడ్‌మ్యాన్ కూడా ఉంది, ఇదే డాకర్‌ఫైల్‌ని మార్పుల్లేకుండా కడుతుంది. 2015లో ఓసీఐ అని ఇమేజ్‌లకి ఉమ్మడి ప్రమాణం కోసం ఒక సంస్థ పెట్టుకున్నారు కాబట్టి ఒకదాంతో కట్టింది ఇంకోదాంట్లో నడుస్తుంది, ఒకరికే కట్టుబడిపోతామన్న భయం అక్కర్లేదు.

చివరికి నా ఇమేజ్ 780 ఎంబీ దగ్గర ఆగింది, అందులో సింహభాగం క్రోమ్‌దే. యాప్ కోడ్ ఎంతో తెలుసా, 300 కేబీ.

అసలు ఈ యాప్‌కి డాకర్ అవసరమా? ఏప్రిల్ దాకా అడిగుంటే లేదు బాబూ, ఉత్త ఆర్భాటం అనేవాణ్ణి. ఒక్క మెషీన్, ఒక్క యాప్, వాడేది ఒక్క మనిషి. మే నెలలో ఒక రోజు గాలివాన వచ్చి కరెంటు నాలుగైదుసార్లు పోయి వచ్చింది, సెంటర్‌లో డెస్క్‌టాప్ ఎస్‌ఎంపీఎస్ (లోపలికి కరెంటు అందించే డబ్బా) కాలిపోయింది. రాత్రి తొమ్మిదింటికి ఫోన్. మర్నాడు పొద్దున అయిదింటికి కొత్త బ్యాచ్ మొదలు, యాభై మంది ఫీజులతో వస్తారు. నేను హైదరాబాద్‌లో ఉన్నా.

మేనకోడలు బీటెక్ రెండో ఏడాది, కాలేజీ ల్యాబ్ కోసం తన లాప్‌టాప్‌లో ఉబుంటు వేసుకుని ఉంది. బీరువాలో పెన్‌డ్రైవ్ ఉంటుంది, తీయమన్నాను, అందులో ఇమేజ్ టార్ ఫైల్, నిన్నటి దాకా తీసిన డేటా బ్యాకప్ రెండూ ఉన్నాయి. డాకర్ వేయడానికి ఒక కమాండ్, లోడ్‌కి ఒకటి, ఫోల్డర్‌ని 1000 పేరు మీదకి మార్చడానికి ఒకటి, నడపడానికి ఒకటి. నేను ఫోన్‌లో ఒక్కో అక్షరం చదువుతున్నా, తను కొడుతోంది. లోడ్ అయ్యేటప్పుడు రెండు నిమిషాలు ఎవరం ఏం మాట్లాడలేదు, అవతల బావ ఫ్యాన్ శబ్దం వినిపిస్తోంది. ఏ నోడ్ వెర్షన్ ఉందో అడగలేదు. ఫాంట్లున్నాయా అని అడగలేదు.

"మామయ్యా, వచ్చేసింది. పిల్లలందరూ ఉన్నారు."

ఇరవై నిమిషాలు. పొద్దున అయిదుంపావుకి వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ వచ్చింది, పోతన అక్షరాల్లో. దాని కింద బావ రాసింది: "తేదీ కరెక్టే పడిందిరా. పడుకో. పుస్తకంలో కూడా రాశాలే."